కచేరీలో పుట్టిన ప్రశ్న

ప్రభుత్వోద్యోగమున నున్నవారు ఆ యుద్యోగమును వీడకయే, తాము నిత్యము చేయు పనినే పరిశోధనకు వస్తువుగా గ్రహించి, ప్రభుత్వపాలన శాస్త్రమున డాక్టరు పట్టమునకై యత్నించుట మంచిదా కాదా యను ప్రశ్న పైకి చిన్నదిగానే తోచును. కాని కొంత నిలిచి విచారించినచో, కచేరీలో కూర్చున్నవాడు నేర్చుకొన్నది యెవరి సొత్తు, దానికి అతడు ఎవరికి లెక్క చెప్పవలెను అను పెద్ద ప్రశ్న దాని వెనుకనే నిలిచియుండుట కనబడును. అమెరికా దేశమున కొన్ని విశ్వవిద్యాలయములు ఇట్టి యుద్యోగుల కొరకే వృత్తిపరమైన డాక్టరేటు నొకదానిని వేరుగా నెలకొల్పినవి. అందు విద్యార్థి శాస్త్రమునకు నూతన సిద్ధాంతము నిచ్చుట కన్న, తన కార్యస్థానమున తాను ముఖాముఖి యెదుర్కొన్న చిక్కు నొకదానిని శాస్త్రరీతిని విడదీసి చూపవలసియుండును. మన వైపున సాధారణముగా దొరకు త్రోవ పిహెచ్.డి. యొక్కటే. యూజీసీ వారు 2022 నవంబరున ప్రకటించిన నిబంధనలు ఉద్యోగస్థులు పార్ట్ టైముగా ఆ పట్టమునకు చదువుకొనుట కనుమతించినవి. కనీసము మూడేండ్లు, సాధారణముగా ఆరేండ్లకు మించని గడువు. పనిచేయు శాఖవారి నిరాక్షేపణ పత్రము తప్పనిసరి. దూరవిద్యా మార్గమున గాని ఆన్‌లైనులో గాని పట్టము పొంద వీలులేదు.

ఈ విషయమై తిరుమలాయపాలెమున ఇరువురి మధ్య జరిగిన వాదమును, నాకు తోచిన చోట్ల కుదించి, ఇచట పొందుపరచుచున్నాను. ఖమ్మము నుండి ఓరుగల్లు పోవు బాట వెంబడి, పిండిప్రోలు, బచ్చోడు, సుబ్లేడు, కాకరవాయి మొదలగు గ్రామములతోను తండాలతోను కూడిన మెట్ట మండలమది. అచటి నుండి తూర్పునకు సాగినకొలది నేల స్వరూపము మారి, కొత్తగూడెము దాటిన పిమ్మట భద్రాచలపు అడవి పట్టు మొదలగును. వాదించినవారిలో ఒకరు రెవెన్యూ శాఖలో గిర్దావరుగా పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దమనిషి. రెండవవారు ఆయన మేనకోడలు, అడవి అంచు మండలములలో కొంతకాలము పనిచేసి, ఇపుడు మైదానమున నాయబు తహసీలుదారుగా నున్న యువతి. వారి పేర్లతో మనకు పని లేదు.

మేనమామ: బిడ్డా, నీవు డాక్టరు పట్టమునకు దరఖాస్తు పెట్టుచున్నావని మీ అమ్మ చెప్పినది. చదువన్న నాకు ద్వేషము లేదు. కాని పాలనమను పనికిని ఆ పట్టమునకును ఏమి సంబంధమో నాకు బోధపడకున్నది. మన కన్నుల యెదుటనున్న భక్త రామదాసు ఎత్తిపోతల పథకమునే చూడుము. 2016 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసిరి. 2017 జనవరి 31వ తేదీన పాలేరు జలాశయపు నీటిని పైకెత్తి విడిచిరి. ఏడాది తిరుగక మునుపే, ఆకాశము వంక చూచుటయే వ్యవసాయముగా నుండిన సుమారు అరువది వేల యెకరముల మెట్టకు నీటి ఏర్పాటు జరిగినది. ఆ పని నడపినవారు కొలతలు తెలిసినవారు, గుత్తేదారుని మెడలు వంచి పనిచేయించుట తెలిసినవారు. పాలనము మీద గ్రంథము వ్రాసినవారు కారు. నీవు ఆరేండ్లు కూర్చుండి వ్రాయు గ్రంథము వలన ఏ కాలువ పారును?

మేనకోడలు: కాలువ పారినది, మామయ్యా. ఆ నీరు ఎవరి పొలమున పారుచున్నదో మన రికార్డే చెప్పజాలకున్నది. నీరు రాకమునుపు ఈ నేల విలువ యెంత? పెండ్లికో, వైద్యమునకో డబ్బు కావలసివచ్చినపుడు రెండెకరములు తెల్లకాగితము మీద వ్రాసి యిచ్చిరి, కొన్నవాడు దున్నుకొనెను, రిజిస్ట్రేషనుకు ఖర్చెందుకని ఇరువురును ఊరకుండిరి. నీరు వచ్చినది, ధర పెరిగినది. అమ్మినవాని కొడుకులు వచ్చి, పాసుబుక్కు మా తండ్రి పేరనే యున్నది గనుక భూమి మాదే యందురు. మొన్న ఒక యమ్మ నా బల్ల మీద తన సాదాబైనామా కాగితము పెట్టినది. చినిగిపోవునన్న భయమున దానికి ప్లాస్టిక్ పూత వేయించినది. ఆ వేడికి వేలిముద్ర యున్న చోట నల్లని మరక తప్ప మరేమియు మిగులలేదు. భద్రపరచుటకు చేసిన పనియే సాక్ష్యమును చెరిపినది. ఆమెకు ఇది చేయవలదని చెప్పినవారు ఏ కచేరీలోను లేరు.

మేనమామ: అట్టి కాగితములను నేను వందల కొలది చూచితిని. అందులకు పరిశోధన యెందుకు? పొలము మీదికి పోయి, నలుగురు సరిహద్దుదారులను పిలిచి, ఇది యెవరు దున్నుచున్నారని అడిగినచో సంధ్య వేళకు నిజము తేలును.

మేనకోడలు: ఒక్క పొలమునకు తేలును. రాష్ట్రమంతటికి తేలలేదు గదా. 2020 అక్టోబరు, నవంబరు నెలలలో సాదాబైనామాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిచిరి, లక్షలుగా వచ్చినవి. అదే అక్టోబరు 29వ తేదీన ధరణి యను భూరికార్డుల పోర్టలుతో పాటు కొత్త చట్టము అమలునకు వచ్చినది. ఏ 1971 నాటి చట్టము క్రింద ఆ దరఖాస్తులను తేల్చవలెనో ఆ చట్టమే రద్దయినది. హైకోర్టు ఆ ప్రక్రియను నిలిపినది. 2025లో భూభారతి చట్టము వచ్చి, ఆరవ సెక్షనులో వానికొక దారి చూపువరకు, నాలుగేండ్లకు పైగా ఆ దరఖాస్తులు కదలలేదు. అర్జీ తీసికొన్న మీసేవ గుమాస్తా తన పని తాను చేసెను. తహసీలుదారు తన పని తాను చేసెను. చట్టము వ్రాసినవారు, న్యాయమూర్తులు, కంప్యూటరు నడపినవారు తమ తమ పనులు తాము చేసిరి. అందరును పని చేయగా, పని యెట్లు ఆగినది? ఇదియే నా ప్రశ్న. దీనికి సమాధానము ఏ ఒక్క పొలము గట్టునను దొరకదు.

ఇచట ఒక మాట చెప్పుట అవసరము. పరిశోధకులమని చెప్పుకొనువారు పలువురు ముందు శీర్షికను వెదకి, తరువాత ప్రశ్నను దానికి తగిలింతురు. ఈ యువతి మాటలలో ప్రశ్న ముందు పుట్టుట నాకు విశేషముగా తోచినది. ఆ పెద్దమనిషి కూడ దానిని గుర్తించినట్లే యుండెను. కాని ఆయన అంతటితో విడిచిపెట్టు స్వభావము గలవాడు కాడు.

మేనమామ: ప్రశ్న బాగుగనే యున్నది. దానికి జవాబు కూడ నాకు తెలియును. పని ఎట్లు ఆగునో గిర్దావరును అడుగుము, గంటలో చెప్పును. ఈ మాత్రమునకు విశ్వవిద్యాలయపు ముద్ర యెందుకు?

మేనకోడలు: మీరు చెప్పుదురు, మీ తరువాత నెవరు చెప్పుదురు? 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారి పదవులనే రద్దు చేసిరి. మంచివారో చెడ్డవారో, వారిలో ఏ సర్వే నంబరు ఏ వాగు ప్రక్కనున్నదో, ఏ విరాసత్ (వారసత్వపు మార్పు) ఎందుకు నిలిచిపోయినదో తెలిసినవారు ఎందరో యుండిరి. ఒక్క చట్టముతో వారిని వేరువేరు శాఖలకు పంపిరి. ఆ జ్ఞానము వ్రాతలో లేదు కనుక వారితోనే పోయినది. వైద్యుడు తాను చూచిన రోగమును వ్రాసిపెట్టును, ఇంకొకడు దానిని పరీక్షించి ఔననో కాదనో చెప్పును. మన శాఖలో అట్టి అలవాటే లేదు. వచ్చినవాడు మొదటి నుండి నేర్చుకొనుట, నేర్చినంతనే బదిలీ యగుట, ఇదియే మన సంప్రదాయము. పరిశోధన యనగా నాకు వేరే గొప్ప అర్థము లేదు. పరులు పరీక్షింప వీలగునట్లు వ్రాసిపెట్టుట.

మామయ్యా, హెర్బర్ట్ సైమన్ అను అమెరికా పండితుని మాట చెప్పెదను. 1935లో, విద్యార్థిగా నుండగనే, అతడు తన స్వస్థలమైన మిల్వాకీ నగరమున ఒక చిన్న విషయమును పరిశీలించెను. ఆ నగరపు పిల్లల ఆటస్థలములు పాఠశాలల మండలి, ప్రజాపనుల శాఖ యను రెండింటి చేతులలో నుండెడివి. ఉన్న డబ్బును ఆటలాడించువారి జీతములకు పెట్టవలెనని ఒకరు, స్థలముల మరమ్మతునకు పెట్టవలెనని మరియొకరు. లాభనష్టములు లెక్కించి మధ్యే మార్గము కనుగొందురని అతడు పుస్తకములలో చదివియుండెను. తీరా చూడగా ఎవ్వరును లెక్కించుట లేదు. ఏ శాఖలోనున్నవాడు ఆ శాఖ కన్నులతోనే లోకమును చూచుచున్నాడు. ఆ ఆటస్థలపు ప్రశ్నయే అతని డాక్టరేటు పరిశోధన దాక నడిచి, 1947లో పాలనా ప్రవర్తన మీద గ్రంథమై, మానవుని హేతుబుద్ధికి పరిమితులున్నవను సిద్ధాంతమై, 1978లో అతనికి ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానమును తెచ్చినది. పిల్లలాడుకొను స్థలపు మరమ్మతు ఖర్చు పరిశోధనకు చాలినపుడు, మన తిరుమలాయపాలెపు సాదాబైనామా ఎందుకు చాలదు?

మేనమామ: చాలును. కాని నీ సైమను ఆ రెండు శాఖలలో దేనియందును నౌకరు కాడు. నీవు నౌకరువు. 1964 నాటి ప్రవర్తన నియమావళి ఇంకను నీ నెత్తి మీద నున్నది. ప్రభుత్వపు విధానమును బహిరంగముగా విమర్శించుటకు నీకు హక్కు లేదు. నీ చదువునకు నిరాక్షేపణ పత్రము నిచ్చువాడెవడు? ఎవని కచేరీలో పని యాగినదని నీవు వ్రాయదలచితివో, వాడే. మన ప్రక్క నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న సంగతి నీకు చెప్పనవసరము లేదు. తానీషా ఏలుబడిలో తహసీలు పని చేయుచు, వసూలైన సొమ్ముతో భద్రగిరి మీద కోవెల కట్టించెనని, అందులకు గోల్కొండ చెరసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గెనని మన పెద్దలు చెప్పుదురు. ఆయన చేసినది రామకార్యము. అయినను అనుమతి లేని కార్యమునకు ఏలిక లెక్క యడిగెను. సత్కార్యమన్న మాత్రమున ఏ యేలికయు లెక్క యడుగక మానడు.

మేనకోడలు: ఈ భయము నాకును కలదు. అందుచేతనే వ్యక్తులను గాక మార్గమును పరిశీలింపదలచితిని: దరఖాస్తు ఏ దినమున వచ్చెను, ఎవరి లాగినులో ఎన్నాళ్ళుండెను, ఏ యెండార్సుమెంటుతో వెనుకకు పోయెను, త్రోసిపుచ్చినపుడు కారణము వ్రాసిరా లేదా, ఆ కారణము అర్జీదారునకు చేరెనా లేదా. ఇందు ఏ ప్రభుత్వమునకును నింద లేదు.

మేనమామ: నింద లేని సత్యము ఎవరికి కావలెను? నీవు వ్రాసినది ఎవరికిని బాధ కలిగింపనిచో, అది బల్లల పట్టిక యగును గాని పరిశోధన కాదు.

మేనకోడలు: పట్టికయే బాధ కలిగించును, మామయ్యా, నిజముగా లెక్కించినచో. అడవి హక్కుల చట్టము క్రింద నేను చూచిన అర్జీల సంగతి వినుడు. గ్రామసభ నుండి డివిజను సంఘమునకు, అచట నుండి జిల్లా సంఘమునకు పోవలెను. గ్రామసభ తీర్మానముతో సమాధానపడనివాడు అరువది దినములలో పై సంఘమునకు మొర పెట్టుకొనవచ్చును. నియమము చక్కగనే యున్నది. అయితే, త్రోసిపుచ్చినారని తెలియనివాడు అరువది దినములను ఎప్పటి నుండి లెక్కించుకొనును? 2019 ఫిబ్రవరిలో, అర్జీలు త్రోసివేయబడినవారిని ఖాళీ చేయింపవలెనని సుప్రీంకోర్టు ఆదేశమిచ్చినది. పక్షము దినములలో తానే దానిని నిలిపివేసి, అర్జీలను ఏ పద్ధతిని త్రోసివేసిరో చెప్పుడని రాష్ట్రముల నడిగినది. ఆ యడుగుటయే నా పరిశోధన. న్యాయస్థానము అడిగిన పిమ్మట వెదకుట కన్న, కచేరీయే ముందుగా తన్ను తాను అడుగుకొనుట మేలు గదా.

ఆయన కొంతసేపు మాటాడలేదు. భద్రాచలపు డివిజనులో తాను పనిచేసిన దినములు ఆయనకు జ్ఞాపకము వచ్చియుండును. పోడు భూమి గొడవలలో గిరిజనుడును నష్టపడినాడు, అటవీశాఖ చిన్నయుద్యోగియు నష్టపడినాడు. ప్రాణములే పోయిన సందర్భములును కలవు. ఆ తరువాత ఆయన యెత్తిన అభ్యంతరమే ఈ వాదమున నాకు మిక్కిలి బరువైనదిగా తోచినది.

మేనమామ: సరే, అనుమతి దొరికినదే యనుకొనుము. నీకు నిజమెవరు చెప్పుదురు? ఉస్మానియాలో ప్రభుత్వపాలన శాస్త్రము చెప్పిన జి. రామరెడ్డిగారి పేరు నేనెరుగుదును. పంచాయతిరాజ్యము మీద పరిశోధించిన పెద్దలు. 1982లో మన సార్వత్రిక విశ్వవిద్యాలయము పుట్టినపుడు దానికి తొలి వైస్ ఛాన్సలరు ఆయనయే.

మేనకోడలు: తరువాత ఇందిరాగాంధి జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును ఆయనయే తొలి వైస్ ఛాన్సలరు, యూజీసీకి అధ్యక్షులు కూడ. ఆయనయు హరగోపాల్‌గారును కలిసి, గ్రామీణునికిని కచేరీకిని నడుమ నిలుచు పైరవీకారుని గూర్చి 1985లో ఏషియన్ సర్వే పత్రికలో వ్యాసము ప్రకటించిరి. మనము నిత్యము వరండాలో చూచి చూడనట్లు పోవు మనిషి. ఆ పైరవీకారుని శాస్త్రలోకమునకు చూపించినవారు మన తెలుగు పండితులే.

మేనమామ: నేననునది అదియే. వారు ఆచార్యులు. వారి చేతిలో పాసుబుక్కు లేదు, పంచనామా లేదు. ఊరివాడు వారితో నిర్భయముగ, ఇంత యిచ్చితిని, ఇన్నిసార్లు తిరిగితిని అని చెప్పుకొనగలడు. నీవు నాయబువు. నీ కలము గీతతో వాని భూమి వానిది కావచ్చును, కాకపోవచ్చును. నీవు కాగితము తీసి, అయ్యా, మా కచేరీ పనితీరు ఎట్లున్నదని అడిగినచో, చేతులు జోడించి, అంతయు బాగున్నదమ్మా అనును. ఆ మాటను నీవు వ్రాసికొని, నూటికి ఇందరు తృప్తిగా నున్నారని లెక్కకట్టి, పట్టము పుచ్చుకొందువు. అది అసత్యమునకు ముద్ర వేయుట కాదా?

మేనకోడలు: ఈ మాట నేను కాదనను. పనిలోనున్నవారు చేయు పరిశోధనకు ఇదియే పెద్ద లోపము. అందుచేత నేను పనిచేయు మండలమున ఎవ్వరిని ప్రశ్నింపను. 2025 ఏప్రిల్‌లో భూభారతిని ప్రయోగాత్మకముగా మొదలుపెట్టిన నాలుగు మండలములలో నేలకొండపల్లి యొకటి. ఆ మండలమును, దానితో పాటు మొదలుకాని తిరుమలాయపాలెమును ప్రక్కప్రక్కన పెట్టి, ఒకే రకపు అర్జీ రెండు చోట్ల ఏ దారిని నడిచినదో చూడదలచితిని. ఇంటింటికి పోయి అడుగుటకు నేను పోను. కచేరీతో సంబంధము లేని కళాశాల విద్యార్థులు పోవుదురు. చెప్పినవారి పేరు నా చేతికి రాదు. నేను చూచునది రిజిస్టర్లను.

మేనమామ: రిజిస్టర్లు వ్రాసినదెవరు? మనమే గదా. విచారించితిమి అని వ్రాసిన చోటనెల్ల విచారణ జరిగినదనుకొనుచున్నావా? కచేరీలో కూర్చుండి వ్రాసిన పంచనామాను నేను చేతితో ముట్టకయే పోల్చగలను. పంచులందరి సంతకములు ఒకే కలముతో, ఒకే యొత్తుతో నుండును. సరిహద్దులు ప్రతి పంచనామాలోను తూర్పు నుండి మొదలై పాత పహాణీలో నున్న వరుసలోనే దిగును. పొలము మీద నడిచినవాడు తాను వచ్చిన బాట వైపు నుండి మొదలుపెట్టును. చచ్చిపోయినవాని పేరు ఇంకను సరిహద్దుదారుగనే యుండును; నడిచిపోయినచో వాని కొడుకు కనబడియుండెడివాడు. నిజముగా పొలమునకు పోయిన కాగితమునకు మడతలో ఎర్రమట్టి యుండును, అంచున చెమట మరక యుండును. ఇదంతయు నీ కంప్యూటరులో కనబడునా?

మేనకోడలు: మామయ్యా, మీరిపుడు చెప్పినది ఏ పద్ధతిశాస్త్ర గ్రంథమునను లేదు. ఏ రికార్డును ఎంతవరకు నమ్మవలెనో చెప్పు పరీక్ష ఇది. చచ్చిపోయిన సరిహద్దుదారు పేరును కంప్యూటరులోనే వెదకవచ్చును. ఎన్ని పంచనామాలలో అట్టి పేర్లున్నవో లెక్కింపవచ్చును. విశ్వవిద్యాలయమున కూర్చున్న ఆచార్యునికి ఇది తట్టదు, నాకును తట్టలేదు. మీకు తెలియును, కాని మీరు వ్రాయలేదు. ఈ ముగ్గురును ఒకచోట కూడుటకే ఆ పట్టము. లేనిచో మీ మాట వరండాలోనే నిలిచిపోవును.

మేనమామ: నన్ను పొగడి పని సాధింపకుము. శంకరన్‌గారిని గూర్చి చెప్పుము. ఎస్.ఆర్. శంకరన్ డాక్టరు పట్టము పుచ్చుకొనెనా? 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టమును కాగితము మీద నుండి దించి మన పల్లెలలో నడిపించినవాడు. గిరిజనుని గుడిసె యెదుట నేల మీద కూర్చుండినవాడు. 1987లో గుర్తేడు అడవిలో నక్సలైట్లు ఇతర అధికారులతో పాటు ఆయనను పట్టుకొనిపోయినను, తిరిగివచ్చి ఆ గిరిజనుల పక్షమే మాటాడినవాడు. పద్మభూషణ పురస్కారమును వలదన్నవాడు. ఆయన పేరు ముందు ఏ బిరుదును లేదు. ఇంకను ఈ పల్లెలలో ఆయన పేరు చెప్పిన లేచి నిలుచువారున్నారు. మంచి పాలకునికి కావలసినది దయ, ధైర్యము. అవి విశ్వవిద్యాలయమున దొరకవు.

మేనకోడలు: దొరకవు, నేను వానికై అచటికి పోవుట లేదు. శంకరన్‌గారి వంటివారు తరమునకు ఒకరిద్దరు వత్తురు. వారు రాని మండలములలో ప్రజలు ఏమి కావలెను? దయ లేనివాడు కూర్చున్నను అర్జీ నడుచునట్లు మార్గమును కట్టుటయే నాకు కావలసిన శాస్త్రము. కొమరం భీము 1940లో జోడేఘాటులో నేలకొరిగిన పిమ్మట గాని నిజాము సర్కారుకు గోండుల భూముల సంగతి పరిశీలింప బుద్ధి పుట్టలేదు. అపుడు మానవశాస్త్రజ్ఞుడైన హైమండార్ఫ్ దొరను పిలిచిరి. ఆయన గోండులలో, పాపికొండల కొండరెడ్లలో, మన కోయలలో తిరిగి నివేదికలు వ్రాసెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణాలయము వెలసినది. 1945లో ఆయన గిరిజన వ్యవహారములకు సలహాదారుడయ్యెను. రక్తము చిందిన తరువాత వచ్చిన పరిశోధన అది. ముందు రావలసినది.

మేనమామ: వచ్చి ఏమైనది? ఆయన నివేదికల తరువాత పాతికేండ్లకు, 1970లో, ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండ ఒకటి బై డెబ్బది రెగ్యులేషను తేవలసి వచ్చినది గదా. అది వచ్చిన తరువాతను ఏజెన్సీలో భూమి చేతులు మారుచునే యున్నదని నీవే చూచి వచ్చితివి. మంచి నివేదిక బీరువాలోనున్నచో మంచిది కానట్లే.

ఈ మాటకు ఆమె వెంటనే బదులు చెప్పలేదు. చెప్పుటకు సులభమైన బదులు లేదు కూడ. నా మట్టుకు నాకు, పరిశోధన చేసినంతనే మేలు కలుగునను నమ్మకము ఎన్నడును లేదు. పరిశోధన లేక చేసిన మేలు నిలువదను నమ్మకము మాత్రము కలదు. ఆ మీదట కొంతసేపు మాటలు నకిలీ డాక్టరేట్ల మీదికి మరలినవి: గుర్తింపు లేని సంస్థలు సన్మానసభలలో శాలువతో పాటు పంచిపెట్టు బిరుదులు, కాసులకు గ్రంథము వ్రాసియిచ్చు దుకాణములు. పెద్దాయనకు అందుపై కలిగిన రోతను ఆమె పూర్తిగా పంచుకొనెను; వాదము లేని చోట వ్రాయవలసినదియు లేదు.

మేనమామ: నీ గ్రంథమును ఏ భాషలో వ్రాసెదవు?

మేనకోడలు: ఇంగ్లీషులో. అచటి పద్ధతి యది. పిమ్మట అది శోధ్‌గంగ యను పరిశోధన గ్రంథముల ఆన్‌లైను భాండాగారమున చేరును, ఎవరైనను చదువుకొనవచ్చును.

మేనమామ: ఎవరైనను అనగా ఎవరు? ప్లాస్టిక్ పూత వేయించిన కాగితము తెచ్చిన ఆ యమ్మయా?

మేనకోడలు: ఆమె కొరకు తెలుగులో సంగ్రహము వ్రాసెదను.

మేనమామ: సంగ్రహము చాలదు. వినుము. నీవు చెప్పిన యూజీసీ నిబంధనలలో నోటి పరీక్ష బహిరంగముగా జరుగవలెనని యున్నది గదా?

మేనకోడలు: ఉన్నది. ఆచార్యులు, ఇతర పరిశోధకులు, విద్యార్థులు వచ్చి వినవచ్చును.

మేనమామ: అర్జీదారులు రాకూడదని యున్నదా? ఉపాధిహామీ పనులకు మన ఉమ్మడి రాష్ట్రమున 2006 నుండి సామాజిక తనిఖీ నడిపితిమి. కూలివాండ్ర పిల్లలకే తర్ఫీదిచ్చి, మస్టరు రోల్సు వారి చేతికిచ్చి, ఇంటింటికి పంపి, తుదకు మండల కేంద్రమున ప్రజావేదిక పెట్టి, ఫలానా దినమున ఫలానా పేర ఇన్ని పనిదినములు వ్రాసినారు, నిజమా కాదా అని అందరి యెదుట చదివించితిమి. చదువురాని ముసలమ్మ లేచి, ఆ దినమున నేను ఆసుపత్రిలో నుంటినని చెప్పినది. ఫీల్డు అసిస్టెంటు తల వంచుకొన్నాడు. అంతకు మించిన నోటి పరీక్ష ఏ విశ్వవిద్యాలయమున జరిగినది? ఆ సభలలో నేను రెవెన్యూ తరఫున కూర్చున్నవాడను. కూర్చున్న మొదటి దినమున నాకు కోపము వచ్చినది. మమ్ములను దోషుల వలె నిలబెట్టినారని తోచినది. రెండు మూడు సభలు గడచిన పిమ్మట, మస్టరు వ్రాయు చేయి జాగ్రత్తపడుట కన్నులార చూచితిని. నీవు కనుగొన్నది సత్యమైనచో, ముందు నేలకొండపల్లిలోను తిరుమలాయపాలెములోను ఆ విధముగ వేదిక పెట్టి, తెలుగులో, ప్రకరణము ప్రకరణముగ చదువుము. వారు కాదన్న చోట దిద్దుకొనుము. ఆ పిమ్మట విశ్వవిద్యాలయమునకు పొమ్ము. ఈ యొక్కటి చేసెదవేని నేను అడ్డు చెప్పను.

మేనకోడలు: విశ్వవిద్యాలయము దానిని లెక్కింపదు, మామయ్యా. ఇద్దరు బయటి పరీక్షకులు చాలునందురు.

మేనమామ: లెక్కింపవలదు. వారి లెక్క వారిది. గ్రామసభ పెట్టుటకు విశ్వవిద్యాలయపు అనుమతి అక్కరలేదు.

మేనకోడలు: అర్జీదారులు కాదన్నదానిని దిద్దుకొనవలెనన్నారు. వారిలోను ఇద్దరు రెండు మాటలు చెప్పుదురు. అమ్మినవాని కొడుకు ఒకటి చెప్పును, కొన్నవాని భార్య ఇంకొకటి చెప్పును. ఎవరి మాటకు నేను దిద్దుకొనవలెను?

మేనమామ: రెండు మాటలను వ్రాయుము. ఏ మాటకు ఏ కాగితము తోడున్నదో వ్రాయుము. తీర్పు చెప్పుటకు నీవు పరిశోధకురాలిగా పోవుట లేదు గదా. ఆ పని ఆర్డీవో చూచుకొనును.

మేనకోడలు: అట్లయిన ఒప్పుకొంటిని. ఇంకను కలెక్టరు కచేరీ నుండి నిరాక్షేపణ పత్రము రావలసియున్నది. దరఖాస్తు వ్రాసితిని, చూచెదరా?

ఆయన కండ్లజోడు పెట్టుకొని, ఆ కాగితమును రెండుసార్లు చదివి, వ్యక్తిగత విద్యాభివృద్ధి నిమిత్తము అని వ్రాసిన పంక్తిని కొట్టివేసి, దాని పైన సాదాబైనామా దరఖాస్తుల పరిష్కారమున కలుగు జాప్యమునకు కారణములను పరిశీలించు నిమిత్తము అని వ్రాసెను.

మేనకోడలు: ఇట్లు వ్రాసినచో అనుమతి రాకపోవచ్చును.

మేనమామ: రావచ్చును, రాకపోవచ్చును. రానిచో కారణము వ్రాతమూలకముగా ఇమ్మని అడుగుము; అడుగుటకు నీకు హక్కున్నది. కారణమిచ్చినచో దానికి సమాధానము వ్రాయుదము. ఈయనిచో, కారణము చెప్పక త్రోసిపుచ్చిన అర్జీలను నీవు లెక్కింపదలచితివి గదా, మొదటి వరుసలో నీ యర్జీని వ్రాసికొనుము. తేదీ వేయుట మరువకుము. రసీదు లేకుండ ఆ కాగితమును ఇన్‌వార్డు గుమాస్తా చేతికి ఈయకుము.